బొమ్మలో చోటు ఎవరికి దొరికింది? శతాబ్దాలుగా కళ చెప్తున్న కథ

అమరావతి స్తూపం నుంచి తీసుకెళ్ళిన ఒక సున్నపురాయి పలక ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, దానికి రెండు వైపులా శిల్పం చెక్కి ఉంటుంది. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటి పని. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ భక్తితో చేరిన జనం. బుద్ధుడు మాత్రం ఎక్కడా లేడు, ఆయన ఉండాల్సిన చోట ఆ ఖాళీ ఆసనమే ఉంది. తర్వాత క్రీస్తుశకం 3వ శతాబ్దంలో అదే పలకని వెనక్కి తిప్పి రెండోవైపు చెక్కారు. అక్కడ స్తూపం మొత్తం కళ్ళకి కట్టినట్టు ఉంటుంది, దాని ద్వారం దగ్గర బుద్ధుడు మనిషి రూపంలో నిలబడి ఉంటాడు. అంటే పాత బొమ్మ స్తూపం వైపుకి తిరిగిపోయింది, కొత్త బొమ్మ జనానికి ఎదురుగా వచ్చింది.

రాయి అదే, ఊరు అదే, ధర్మం అదే, మధ్యలో మూడొందల ఏళ్ళకి పైగా గడిచాయి. పాతకాలం శిల్పులకి మనిషిని చెక్కడం రాక ఖాళీ ఆసనం పెట్టారా అంటే కాదు, పక్కనే ఉన్న భక్తుల్ని ఎంత బాగా చెక్కారో చూస్తే తెలిసిపోతుంది. మారింది భక్తులు ఏం చూడాలని కోరుకున్నారు అనేది. మొదట్లో గుర్తు చాలు, చెట్టు చాలు, పాదాలు చాలు, తర్వాత ముఖం కావాల్సొచ్చింది. ఎందుకు కావాల్సొచ్చింది అన్నదాని మీద పండితులు వందేళ్ళకి పైగా వాదించుకుంటూనే ఉన్నారు, కానీ అడిగేవాళ్ళ మనసు మారింది కాబట్టే చెక్కేవాళ్ళ ఉలి మారింది అన్నంతవరకు ఆ రాయే సాక్ష్యం.

అమరావతిలో నాకు ఇంకా ఇష్టమైన రాయి ఇంకోటుంది. పూర్ణఘటం, అంటే పొంగిపొర్లే కలశం చెక్కిన పలక, దాని మీద ఇచ్చినవాడి పేరు ఉంది, విధికుడు. చర్మకారుడు. తన కుటుంబంతో కలిసి ఆ పలకని దానం ఇచ్చినట్టు రాయించుకున్నాడు, వృత్తిని దాచుకోలేదు. స్తూపానికి దానాలిచ్చిన వాళ్ళలో వర్తకులున్నారు, గృహిణులున్నారు, భిక్షుణులున్నారు, వాళ్ళ పేర్లన్నీ రాళ్ళ మీద ఉన్నాయి. తోలు పని చేసే మనిషి పేరు రెండు వేల ఏళ్ళ తర్వాత కూడా చదవగలుగుతున్నాం అంటే, ఆ కాలంలో ఆ చోట అతనికి రాయి మీద చోటు కొనుక్కునే స్తోమత, హక్కు రెండూ ఉన్నాయన్నమాట. తర్వాతి శతాబ్దాల్లో గుళ్ళ చరిత్ర తెలిసినవాళ్ళకి ఇదెంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

కళ సమాజానికి అద్దం అని అందరం అంటుంటాం. నాకు ఆ మాట సగమే నిజం అనిపిస్తుంది, ఎందుకంటే అద్దం ముందు ఎవరు నిలబడినా కనిపిస్తారు, డబ్బులడగదు, కులం అడగదు, ఆడా మగా అడగదు. కళలో అలా కాదు. రాయికి ఖర్చవుతుంది, రంగుకి ఖర్చవుతుంది, శిల్పికి కూలి ఇవ్వాలి, ఎవరో ఒకరు ఇది చెయ్యి అని చెప్పాలి. అందుకే పాత బొమ్మని చూసినప్పుడు ఆ కాలంలో జనం ఇలా ఉండేవాళ్ళు అనుకునే ముందు, ఇందులో ఎవరికి చోటు దొరికింది, ఎంత పెద్ద చోటు దొరికింది, దానికి డబ్బు ఎవరు పెట్టారు, దీన్ని ఎవరు చూస్తారని చేసారు, ఇవి అడగాలి. ఈ ప్రశ్నలు పట్టుకుని వెళ్తే సమాజం ఎప్పుడెప్పుడు ఎలా మారిందో బొమ్మలే చెప్పేస్తాయి.

ఐడెంటిటీ విషయం తీసుకుందాం. ఒక మనిషి నేనెవరు అన్నదానికి ఒకటే జవాబు ఉంటుందని మనం అనుకుంటాం, పాతకాలంలో అయితే మరీనూ, అప్పుడు అందరూ ఎవరి గిరిలో వాళ్ళు ఉండేవాళ్ళని ఒక నమ్మకం. ఈజిప్టులో హవారా అనే చోట దొరికిన అర్టెమిడోరస్ మమ్మీని చూస్తే ఆ నమ్మకం పోతుంది. సుమారు క్రీస్తుశకం 100 నుంచి 120 మధ్యది, అప్పటికి ఈజిప్టు రోమన్ల పాలనలో ఉంది. కుర్రాడి ముఖం రోమన్ పద్ధతిలో, వెలుగునీడలతో, తలమీద బంగారు ఆకుల దండతో, ఎదురుగా నిలబడి మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది. ముఖం కింద గ్రీకు లిపిలో అర్టెమిడోరస్‌కి వీడ్కోలు అని రాసుంది, పేరు కూడా గ్రీకు పేరే. ఇంకా కిందకి వస్తే ఎర్రటి పెట్టె మీద బంగారు రేకుతో నక్కతల అనూబిస్ దేవుడు సింహం ఆకారపు మంచం మీద పడుకోబెట్టిన శవానికి సంస్కారం చేస్తున్నాడు, అంటే అచ్చమైన ఈజిప్టు నమ్మకం. పేరు గ్రీకు, ముఖం రోమ్, చావు ఈజిప్టు. ఆ కుటుంబానికి ఇందులో గందరగోళం ఏమీ కనిపించలేదు, ఏ సందర్భానికి ఏది కావాలో అది తీసుకున్నారు.

ఇలాంటి ముఖాలు సుమారు తొమ్మిది వందల దాకా దొరికాయి, ఎక్కువగా పల్చటి చెక్క మీద, చాలావాటికి కరిగించిన మైనంలో రంగు కలిపి వేసారు కాబట్టి ఇప్పటికీ తడి ఆరనట్టు మెరుస్తుంటాయి. వాటి కాలాన్ని గుర్తుపట్టడానికి చరిత్రకారులు వాడే దారుల్లో ఆడవాళ్ళ జుట్టు ఒకటి. రోమ్‌లో మహారాణి కొత్తగా జడ ఎలా చుట్టుకుందో అది కొన్నాళ్ళకి ఈజిప్టు బొమ్మల్లోకి వచ్చేసేది. సామ్రాజ్యం పన్నుల రూపంలోనే కాదు, తలకట్టు రూపంలో కూడా ఇళ్ళలోకి వచ్చిందన్నమాట. అయితే ఇవన్నీ డబ్బున్న కుటుంబాలవే, వాళ్ళ పొలాల్లో పనిచేసిన వాళ్ళ ముఖాలు మనకి దొరకవు.

చోటు ఎలా మారుతుందో ఐరోపా బొమ్మల్లో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మధ్యయుగంలో చర్చికి బొమ్మ చేయించిన దాత తరచూ ఒక మూలన చిన్నగా మోకాళ్ళ మీద కనిపిస్తాడు, మేరీమాత పక్కన చీమంత. శతాబ్దాలు గడిచేకొద్దీ అతను పెద్దవాడవుతూ వచ్చాడు, 15వ శతాబ్దానికి చాలాచోట్ల దేవతలంత సైజుకి చేరాడు, ఆ తర్వాత దేవతల్ని పక్కన పెట్టేసి తన బొమ్మ తనకే వేయించుకున్నాడు. వ్యాపారం పెరిగింది, బ్యాంకులు వచ్చాయి, పుట్టుకతో ప్రభువు కానివాడి దగ్గర కూడా డబ్బు చేరింది, ఆ డబ్బు బొమ్మలో చోటు అడిగింది.

అప్పటి ఒప్పంద పత్రాలు కొన్ని ఇంకా ఉన్నాయి. 1485లో ఫ్లోరెన్స్‌లో అనాథాశ్రమం కోసం గిర్లాండాయో అనే చిత్రకారుడితో చేసుకున్న ఒప్పందంలో నీలం రంగు ఔన్సుకి సుమారు 4 ఫ్లోరిన్ల (ఫ్లోరెన్స్ బంగారు నాణేల) విలువ చేసే అల్ట్రామెరైన్ అయ్యుండాలి అని రాసారు. ఆ నీలం ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో తవ్విన రాయిని పొడి చేస్తే వచ్చేది, అంతదూరం నుంచి రావాలి కాబట్టి ఖరీదు, కాబట్టి మేరీమాత పైవస్త్రానికి వాడేవాళ్ళు. భక్తిని రంగు ధరతో కొలిచిన కాలం అది. అదే శతాబ్దంలో మెల్లగా ఒప్పందాల్లో బంగారం, నీలం మాట తగ్గి, ఫలానా గురువే తన చేత్తో గీయాలి, శిష్యులతో గీయించకూడదు అనే షరతు బలపడింది. వస్తువు విలువ నుంచి చెయ్యి విలువకి వచ్చారు, అక్కడే చిత్రకారుడు కూలివాడి వరస నుంచి పైకి లేచాడు. 1500లో జర్మనీలో డ్యూరర్ అనే చిత్రకారుడు 28 ఏళ్ళ వయసులో తన బొమ్మ తనే వేసుకున్నాడు, ఎదురుగా చూస్తూ, పొడుగు జుట్టుతో, అచ్చం క్రీస్తుని వేసే భంగిమలో. వందేళ్ళ ముందు ఒక చిత్రకారుడు ఆ పని చేస్తాడని ఊహించడం కష్టం.

ఇక 1642లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్ వేసిన నైట్ వాచ్ అనే చిత్రానికి వస్తే, రాజు లేడు, చర్చి లేదు, ఊరి రక్షకదళంలో ఉన్న 18 మంది చందాలేసుకుని వేయించుకున్నారు. మనిషికి సుమారు 100 గిల్డర్లు (అప్పటి డచ్ నాణేలు), బొమ్మలో దొరికిన చోటుని బట్టి కొందరు ఎక్కువ, కొందరు తక్కువ ఇచ్చారని తర్వాత వాళ్ళలో ఒకరు సాక్ష్యం చెప్పారు. నేను ఇందాకటి నుంచి చెప్తున్న చోటు బేరం ఇక్కడ లెక్కల్లోనే దొరికింది.

సరిగ్గా అదే శతాబ్దం మొదట్లో మొఘల్ దర్బారులో ఒక బొమ్మ వేసారు, సుమారు 1615 నుంచి 1618 మధ్య, వేసింది బిచిత్ర్. జహంగీర్ పాదుషా పెద్ద ఇసుక గడియారమే సింహాసనంగా కూర్చుని ఉంటాడు, తల వెనక సూర్యుడు చంద్రుడు కలిసిన పెద్ద కాంతి వలయం. ఆయన చేతిలో పుస్తకాన్ని ఒక ముసలి సూఫీ షేక్‌కి ఇస్తున్నాడు. ఆ షేక్ కింద ఒక తురుష్క సుల్తాను, ఆయన కింద ఇంగ్లండ్ రాజు జేమ్స్, అందరికన్నా కింద మూలన పసుపు బట్టల్లో ఒక మనిషి చేతిలో చిన్న బొమ్మ పట్టుకుని ఉంటాడు. అతనే బిచిత్ర్, ఈ చిత్రం గీసినవాడు. ఇంకా దగ్గరగా చూస్తే అతని చేతిలో ఉన్న ఆ చిన్న బొమ్మలో గుర్రాలు, ఏనుగు, వాటితో పాటు వంగి నమస్కారం చేస్తున్న మనిషి కనిపిస్తాడు, అదీ తనే అంటారు. సంతకం పెట్టిన చోటు పాదుషా కాలు పెట్టే పీట.

ఈ ఒక్క కాగితంలో ఎన్ని ఉన్నాయో చూడండి. ఇంగ్లీషు రాజు ముఖం ఒక ఇంగ్లీషు చిత్రాన్ని చూసి వేసిందే, అంటే ఓడల్లో కానుకలుగా ఐరోపా బొమ్మలు అప్పటికే దర్బారుకి చేరాయి. పాదుషా కాంతి వలయం పక్కన, గడియారం దగ్గర ఎగురుతున్న రెక్కల పిల్లలు కూడా అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళే. బిచిత్ర్ ఆ పరాయి పద్ధతిని చక్కగా నేర్చుకుని, అదే పద్ధతిలో ఆ దేశపు రాజుని ఒక ఫకీరు కంటే కింద కూర్చోబెట్టాడు. తనని అన్నింటికంటే కింద పెట్టుకున్నాడు, నిజమే, కానీ రాజులున్న బొమ్మలోనే పెట్టుకున్నాడు. వినయం, గర్వం రెండూ ఒకే గీతలో పెట్టడం అంటే ఇదే, ఈ బొమ్మ ముందు నేను గంటలు కూర్చోగలను.

ఇక్కడిదాకా చెప్పినవి చూస్తే సమాజం ముందు మారుతుంది, కళ వెనకాల వెళ్తుంది అనిపిస్తుంది. చాలాసార్లు తిరగబడుతుంది కూడా, బొమ్మే ముందు వచ్చి మనుషుల్ని గళ్ళలో పెడుతుంది. 18వ శతాబ్దం మెక్సికోలో కాస్తా చిత్రాలని ఒక రకం వచ్చాయి. మామూలుగా 16 బొమ్మల సెట్టు, ప్రతి బొమ్మలో తల్లి, తండ్రి, బిడ్డ, పైన లేబుల్. స్పెయిన్ తండ్రికి స్థానిక తల్లికి పుట్టిన బిడ్డ ఫలానా, స్పెయిన్ తండ్రికి ఆఫ్రికా తల్లికి పుట్టిన బిడ్డ ఫలానా, వాళ్ళ పిల్లలకి పుట్టినవాళ్ళు ఇంకో ఫలానా, ఇలా వరసగా. మొదటి బొమ్మల్లో పట్టుబట్టలు, పెద్ద ఇళ్ళు, వరస కిందకి దిగేకొద్దీ చిరిగిన బట్టలు, వీధి పనులు, కొన్నిట్లో మొగుడూపెళ్ళాల కొట్లాటలు. చాలా సెట్లు స్పెయిన్‌కి వెళ్ళాయి, అక్కడివాళ్ళు వాటిని చూసి కాలనీ అంతా ఇలా వరసగా బీరువా అరల్లా సర్ది ఉంటుందని నమ్మారు.

నిజంలో మెక్సికో అలా లేదు. అంత వివరంగా ఉన్న పేర్లు చాలావరకు రోజువారీ జీవితంలో వాడనే లేదు, ఒకే మనిషి పేరు చర్చి రిజిస్టర్‌లో ఒకసారి ఒక జాతి కింద, ఇంకోసారి ఇంకో జాతి కింద నమోదైన సందర్భాలున్నాయి, డబ్బు వచ్చినా మంచి సంబంధం కుదిరినా గుర్తింపు మారేది. కలిసిపోతున్న జనాన్ని చూసి పైవాళ్ళకి పుట్టిన భయమే ఆ బొమ్మల్లో నీటుగా సర్దిన గళ్ళుగా మారింది. అందుకే అవి ఆనాటి మెక్సికోలో మనుషులు ఎలా బతికారో చెప్పేదాని కంటే, పాలించేవాళ్ళు ఏం కోరుకున్నారో ఎక్కువ చెప్తాయి. అలాంటి బొమ్మని డాక్యుమెంటు అనుకుని చదివితే మనం కూడా ఆ పాలకుల కళ్ళతోనే చూస్తాం, ఇది చాలా ముఖ్యం.

మంచికి కూడా బొమ్మ ముందు నడుస్తుంది. 1905లో బెంగాల్ విభజన గొడవల్లో అవనీంద్రనాథ్ ఠాగూర్ భారతమాతని కాషాయబట్టల్లో నాలుగు చేతులతో వేసాడు, చేతుల్లో పుస్తకం, వరికంకులు, బట్ట, జపమాల. ఆయుధం లేదు. దేశం అనే ఐడెంటిటీ కోట్లమంది మనసుల్లో ఇంకా ముద్ద కడుతున్న రోజుల్లో దానికి ఒక ముఖం దొరికింది, తిండి బట్ట చదువు భక్తి అందులోకి వచ్చాయి. అయితే దేశానికి దేవత రూపం ఇస్తే ఆ దేవతని పూజించని వాళ్ళ సంగతేంటి అన్న ప్రశ్న కూడా దాంతోపాటే పుట్టింది, ఆ ప్రశ్న ఇంకా నడుస్తూనే ఉంది.

సైజు సంగతి చెప్పాలి, ఎందుకంటే దీని మీద పెద్ద గొడవే జరిగింది. ఫ్రాన్స్‌లో పెద్ద పెద్ద కాన్వాసులు రాజులకి, యుద్ధాలకి, పురాణాలకి, మామూలు మనుషులకి చిన్నవి, ఇది అందరూ ఒప్పుకున్న పద్ధతి. 1848లో అక్కడ విప్లవం వచ్చింది, మగవాళ్ళందరికీ ఓటు వచ్చింది. ఆ తర్వాత ఏడాదిలోనే కూర్బె అనే చిత్రకారుడు తన సొంతూరు ఓర్నాన్‌లో జరిగిన ఒక అంత్యక్రియని గీయడం మొదలుపెట్టాడు, మూడు మీటర్ల ఎత్తు, ఆరున్నర మీటర్ల వెడల్పు. చనిపోయింది ఎవరో బొమ్మ చెప్పదు, స్వర్గం తెరుచుకోదు, దేవదూతలు దిగరు. నల్లబట్టల్లో ఊరివాళ్ళు, ఎర్రబడ్డ ముఖాలు, ఏడ్చే ఆడవాళ్ళు, ఎటో చూస్తున్న పిల్లలు, ముందు ఒక గొయ్యి, పక్కన ఒక కుక్క. మోడల్స్‌గా నిలబడింది కూడా ఆ ఊరివాళ్ళే. పారిస్‌లో ప్రదర్శనకి పెడితే వికారంగా ఉందని విమర్శకులు మండిపడ్డారు. నిజానికి వాళ్ళని కలవరపెట్టింది వికారం కాదనుకుంటా, ఓటు దొరికిన పల్లెటూరివాడు ఇప్పుడు నిలువెత్తున గోడ మీద కూడా వచ్చి నిలబడ్డాడు, ఒక్కడు కాదు, ఊరుమొత్తం.

దాదాపు అదే రోజుల్లో ఫోటో వచ్చింది, 1839లో డాగెరోటైప్ అనే తొలినాటి ఫోటో పద్ధతిని ప్రకటించారు, చోటు ధర అమాంతం పడిపోయింది. ఆ అవకాశాన్ని అందరికంటే బాగా అర్థం చేసుకున్నవాడు ఫ్రెడరిక్ డగ్లస్ అని నా అభిప్రాయం. అమెరికాలో బానిసగా పుట్టి 1838లో తప్పించుకున్న మనిషి, జీవితాంతం తనని తాను ఫోటోలు తీయించుకుంటూనే ఉన్నాడు, ఇప్పటికి 160 దాకా లెక్కకొచ్చాయి, 19వ శతాబ్దంలో అంత ఎక్కువగా ఫోటోల్లో కనిపించిన అమెరికన్ ఇంకొకరు లేరంటారు. దాదాపు ఎందులోనూ నవ్వడు. ఎందుకంటే అప్పటి పత్రికల్లో, నాటకాల్లో నల్లవాళ్ళని పళ్ళికిలించే బఫూన్లుగా చూపించేవాళ్ళు, ఆ బొమ్మకి జవాబు బొమ్మతోనే చెప్పాలని అతనికి తెలుసు. మంచి కోటు, చక్కగా దువ్విన జుట్టు, చాలాసార్లు సూటిగా కెమెరాలోకే చూపు. ఫోటోల గురించి ప్రత్యేకంగా ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు.

మనదేశంలో ధర పడిపోయిన కథ ప్రింటింగ్‌తో జరిగింది. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి లక్ష్మి, సరస్వతి బొమ్మల్ని రంగుల్లో అచ్చేసి అమ్మాడు. గుడిలోకి రానివ్వని కులాలవాళ్ళ ఇళ్ళలోకి కూడా దేవుడి బొమ్మ వచ్చేసింది, గర్భగుడి దూరాన్ని ఒక కాగితం దాటేసింది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, ఊరికో రకంగా ఉండే దేవతల రూపాలు మెల్లగా ఒకే అచ్చులోకి, ఒకే తెల్లటి ఛాయలోకి వచ్చాయి. చోటు దొరకడానికి ఒక్కోసారి ముఖం మార్చుకోవాల్సి వస్తుంది.

ఆడవాళ్ళ సంగతి అయితే, బొమ్మలో చోటుకి కొదవ లేదు, బొమ్మ గీసే చోటే లేదు. గొప్ప చిత్రం అంటే పురాణాలు, చరిత్ర, దానికి మనిషి శరీరాన్ని చూసి గీయడం నేర్చుకోవాలి, ఆ క్లాసులోకి ఆడవాళ్ళని రానివ్వలేదు, తర్వాత ఆడవాళ్ళు గొప్ప చిత్రాలు వేయలేదు అన్నారు. పారిస్‌లోని ఎకోల్ దె బోజార్ అనే పెద్ద కళాశాల ఆడపిల్లల్ని చేర్చుకుంది 1897లో. తండ్రి చిత్రకారుడైతే ఇంట్లో నేర్చుకునే వీలుండేది, ఇటలీలో ఆర్టెమిజియా జెంటిలెస్కి అలా వచ్చి 1616లో ఫ్లోరెన్స్ అకాడమీలో చేరిన మొదటి మహిళ అయింది. 1989లో న్యూయార్క్‌లో గెరిల్లా గర్ల్స్ అనే ఆడ ఆర్టిస్టుల బృందం ఒక పోస్టర్ వేసింది, మెట్రోపాలిటన్ మ్యూజియం ఆధునిక కళ విభాగంలో ఆర్టిస్టుల్లో ఆడవాళ్ళు 5 శాతం కన్నా తక్కువ, నగ్నచిత్రాల్లో మాత్రం 85 శాతం ఆడవాళ్ళవే అని. అంతకన్నా వివరణ అక్కర్లేదు.

చోటు ఇవ్వడం ఎంత రాజకీయమో లాక్కోవడం కూడా అంతే. 1937లో మ్యూనిక్‌లో నాజీలు ఒక్క రోజు తేడాతో రెండు ఎగ్జిబిషన్లు పెట్టారు, ఒకటి వాళ్ళు మెచ్చిన జర్మన్ కళ, రెండోది చెడిపోయిన కళ అని ముద్ర వేసి మ్యూజియంల నుంచి పీకేసిన సుమారు 650 కళాఖండాలు, ఇరుకు గదుల్లో, వంకరటింకరగా వేలాడదీసి, గోడల మీద తిట్లు రాసి. చూడ్డానికి 20 లక్షల మందికి పైగా వచ్చారు. మనిషి ముఖాన్ని విరగ్గొట్టి, నొప్పిగా, సందేహంగా చూపించిన బొమ్మలవి. మన జాతి అంటే ఒకటే శరీరం, ఒకటే ముఖం అని చెప్పే ప్రభుత్వం అలాంటి బొమ్మల్ని ఎందుకు ఓర్చుకోలేదో ఊహించడం కష్టం కాదు.

లాక్కోవడం గురించి ఇంకో పెద్ద ఉదాహరణ బెనిన్. ఇప్పటి నైజీరియాలో ఉన్న ఆ రాజ్యంలో 16, 17 శతాబ్దాల్లో రాజు ప్రాసాదం స్తంభాలకి ఇత్తడి పలకలు తాపడం చేసేవాళ్ళు, ఒబా అని పిలిచే రాజు, ఆయన సేనానులు, వచ్చిన పోర్చుగీసు వర్తకులు అన్నీ వాటిమీద ఉంటాయి, ఆ ఇత్తడిలో చాలాభాగం ఐరోపా వర్తకులు తెచ్చిన కడియాల్ని కరిగించిందే. అది దర్బారు చరిత్ర పుస్తకం లాంటిది. 1897లో బ్రిటిష్ సైన్యం నగరాన్ని తగలబెట్టి వేలకొద్దీ వస్తువుల్ని దోచుకెళ్ళింది, పలకలు ఐరోపా మ్యూజియంల మధ్య చెల్లాచెదురయ్యాయి, ఏ పలక పక్కన ఏది ఉండేదో ఆ వరస పోయింది. ఆఫ్రికావాళ్ళకి ఇంత పని ఎలా వచ్చింది అని ఐరోపాలో ఆశ్చర్యపోయారు కూడా.

2022లో జర్మనీ కొన్నిటిని నైజీరియాకి తిరిగిచ్చింది. వెంటనే ఇంకో ప్రశ్న లేచింది, ఇవి ఎవరివి? నైజీరియా అనే దేశం ఏర్పడింది 1914లో, ఈ పలకలు చేసినప్పుడు ఆ పేరే లేదు. దేశపు మ్యూజియంకి చెందాలా, బెనిన్ రాజవంశానికా, లేక వాటిని పోతపోసిన పనివాళ్ళ వంశాలు ఇప్పటికీ అదే నగరంలో అదే పని చేస్తున్నాయి కదా, వాళ్ళ మాటకి విలువ ఎంత? 2023లో అప్పటి నైజీరియా అధ్యక్షుడు ఒబానే వాటి యజమాని అని ప్రకటించాడు, దాంతో కొన్ని మ్యూజియంలు తిరిగివ్వడానికి వెనకాడాయి, రాజు దగ్గరుంటే జనానికి కనిపిస్తాయా అని. నూట పాతికేళ్ళు దోపిడీ సొత్తుని గాజు అద్దం వెనక పెట్టుకున్నవాళ్ళు ఆ ప్రశ్న అడగడం నాకు మింగుడుపడదు, కానీ అదే ప్రశ్న నైజీరియా జనం అడిగితే మాత్రం దానికి జవాబు చెప్పి తీరాలి.